ముందొచ్చిన పడవ ఎందుకు ఓడింది? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో తెరచాప పడవల పందేల గురించి రాస్తూ, ముందు గట్టెక్కిన పడవే గెలిచినట్టు కాదని, రేటింగుతో, అంటే పడవ రకం వేగాన్ని బట్టి ఇచ్చే సంఖ్యతో, సరిచేశాక ఎవరి సమయం తక్కువైతే వాళ్లదే గెలుపని ఒక్క ముక్క రాసి వదిలేశాం. ఉత్తరాలన్నీ ఆ ఒక్క ముక్క మీదే వచ్చాయి. అడిగినవాళ్లకంటే దెబ్బలాడినవాళ్లే ఎక్కువ. ఒకే సంగతిని నలుగురు రాసినచోట ఒకరి ఉత్తరమే వేస్తున్నాం.

ప్రశ్న: మా పిల్లవాడు చెన్నైలో పడవ నేర్చుకుంటున్నాడు. వాడిది లేజర్ పడవ. మొన్న పందెంలో 52 నిమిషాల 30 సెకన్లలో అందరికన్నా ముందు వచ్చాడు. ఆ తర్వాత 24 నిమిషాలు దాటాక, 1 గంట 17 నిమిషాలకు, చిన్నపిల్లల ఆప్టిమిస్ట్ పడవ ఒకటి ఈదుకుంటూ వస్తే మొదటి బహుమతి దానికిచ్చారు. వీడు రెండో స్థానం. ఇదెక్కడి న్యాయమండీ?
– ఒక తండ్రి, మాగుంట లేఅవుట్, నెల్లూరు

జవాబు: కాగితం మీద లెక్క వేద్దాం, ఆ తర్వాత మీరే చెప్పండి. లేజర్ పొడవు 4.23 మీటర్లు, దాని తెరచాప 7.06 చదరపు మీటర్లు. ఆప్టిమిస్ట్ పొడవు 2.3 మీటర్లు, తెరచాప 3.3 చదరపు మీటర్ల లోపే. ముక్కు కోసుకుపోయినట్టుండే ఆ డబ్బా పడవ లేజర్‌తో సమానంగా పరుగెత్తాలంటే అది ప్రకృతి ఒప్పుకునే పని కాదు. అందుకే పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ అనే పద్ధతిలో ప్రతి రకం పడవకూ ఒక సంఖ్య ఇస్తారు. సంఖ్య పెద్దదైతే పడవ నిదానం. లేజర్‌కు సుమారు 1100, ఇద్దరు నడిపే 420 పడవకు సుమారు 1110, ఆప్టిమిస్ట్‌కు సుమారు 1640. వీటిని ఏటా కొద్దిగా సవరిస్తుంటారు కాబట్టి, ఇక్కడ చేతిలెక్కకు వీలుగా గుండుసంఖ్యలు తీసుకున్నాం.

పట్టిన సమయాన్ని సెకన్లలోకి మార్చి, 1000తో హెచ్చవేసి, పడవ సంఖ్యతో భాగించాలి. మీవాడివి 3150 సెకన్లు. 1100తో భాగిస్తే 2864, అంటే 47 నిమిషాల 44 సెకన్లు. ఆప్టిమిస్ట్‌వి 4620 సెకన్లు. 1640తో భాగిస్తే 2817, అంటే 46 నిమిషాల 57 సెకన్లు. తేడా 47 సెకన్లు. ఆ చిన్నపిల్ల ఇంకో నిమిషంన్నర ఆలస్యం చేసి ఉంటే బహుమతి మీ ఇంటికే వచ్చేది. కాబట్టి 24 నిమిషాల తేడా చూసి కడుపు మండించుకోకండి. వాళ్లిద్దరి మధ్య అసలు పోటీ నిమిషం లోపే నడిచింది.

అయితే ఫలితాల కాగితం చేతికి రాగానే మూడు చూడండి. మొదటిది, మీవాడు ఆ రోజు ఏ తెరచాప ఎత్తాడు? లేజర్ అడుగుభాగం ఒకటే, దాని మీద మూడు కొలతల తెరచాపలు పెట్టుకోవచ్చు. ఒక మెట్టు చిన్నదైన 5.76 చదరపు మీటర్ల తెరచాప ఎత్తితే సంఖ్య 1150 దగ్గర ఉండాలి. చిన్న తెరచాపతో పోయినవాడి పేరు పక్కన పొరపాటున 1100 వేస్తే, పైన చెప్పిన 3150 సెకన్లకు 2 నిమిషాల 4 సెకన్లు దండగ. రెండోది, 52 నిమిషాల 30 సెకన్లను కంప్యూటర్‌లో 52.30 అని కొట్టేస్తారు. యంత్రానికి అది 52 నిమిషాల 18 సెకన్లు. ఈ తప్పు అందరికీ ఒకేలా జరగదు. 10 సెకన్లున్నవాడికి ఒక రకంగా, 50 ఉన్నవాడికి ఇంకో రకంగా పడుతుంది. మూడోది, చుట్లు. చిన్న పడవల్ని రెండు చుట్లకే ఆపేసి, పెద్దవాటిని మూడు తిప్పే పద్ధతి ఉంది. అప్పుడు చిన్నదాని సమయాన్ని 3/2తో హెచ్చవేయాలి. 51 నిమిషాల 20 సెకన్లలో రెండు చుట్లు వేసిన ఆప్టిమిస్ట్‌కు అలా 1 గంట 17 నిమిషాలు వస్తాయి. ఈ హెచ్చవేత మరిచిపోతే ఆ చిన్న పడవ ప్రపంచాన్నే గెలిచేస్తుంది.

ఫిర్యాదు చేయాలనుకుంటే ఈ మూడింట్లో ఒకటి పట్టుకుని, నోటీసులో ఇచ్చిన గడువులోగా, రాతపూర్వకంగా ఇవ్వండి. "రేటింగు అన్యాయం" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. పందెంలో పేరు ఇచ్చినప్పుడే ఆ సంఖ్యకు ఒప్పుకున్నట్టు.

ప్రశ్న: మా దగ్గర ఎడ్ల బండలాగుడు పోటీల్లో పళ్లు చూసి రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి అని విడివిడిగా దింపుతారు. రెండు పళ్ల కోడెల జతకు ఇన్ని అడుగులు కలిపి పెద్ద ఎడ్లతో పోటీ పెట్టరు. పడవలవాళ్లకు ఈ మాత్రం ఆలోచన రాలేదా?
– ఒంగోలు పాఠకుడు

జవాబు: వచ్చింది. పెద్ద పోటీలన్నీ మీరు చెప్పినట్టే జరుగుతాయి. ఒలింపిక్స్‌లో, ఆసియా క్రీడల్లో రేటింగు అన్న మాటే లేదు. ఒక విభాగంలో అందరివీ ఒకే కొలత పడవలు, ముందొచ్చినవాడే విజేత. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నేహా ఠాకూర్ వెండి పతకం, విష్ణు శరవణన్ కాంస్యం తెచ్చింది అలాంటి విభాగాల్లోనే. ఇద్దరివీ లేజర్ కుటుంబం పడవలే, తెరచాప కొలతే వేరు.

తంటా ఎక్కడంటే, విభాగానికి కనీసం ఐదారు పడవలు కావాలి. ఒంగోలు చుట్టుపక్కల రెండు పళ్ల జతలు ఇరవై దొరుకుతాయి. ఒక చెరువు మీద ఉన్నవే తొమ్మిది పడవలై, అందులో ఆరు రకాలుంటే మీ పద్ధతిలో ఆరు బహుమతులివ్వాలి, నాలుగు పడవలు వాటితో అవే పోటీ పడాలి. రేటింగు పుట్టింది ఆ ఇబ్బందిలోంచి. మా అభిప్రాయం అడిగితే, ఒకే రకం పడవలు ఐదు పోగయిన రోజున వాటిని విడదీసి రేటింగు లేకుండా దింపడమే మేలు. మిగిలినవాటికి లెక్కలు ఎలాగూ తప్పవు.

ప్రశ్న: మేమిద్దరం స్నేహితులం. నాది బరువైన పాత చెక్క పడవ, వాడిది తేలికపాటి ఫైబరు పడవ. రేటింగులో నాకు వెసులుబాటు ఉంది. గాలి మామూలుగా ఉన్న రోజు హోరాహోరీ. గాలి బాగా లేచిందంటే వాడే. గాలి పడిపోయినా వాడే. నా సంఖ్య తప్పా, నా చేతిలో తప్పా?
– కావలి పాఠకుడు

జవాబు: రెండూ కాకపోవచ్చు. ఒక్క సంఖ్య అన్ని గాలులకూ సరిపోదు, అంతే.

నీటిని చీల్చుకుంటూ పోయే పడవకు ఒక హద్దు ఉంటుంది. నీటిమట్టం దగ్గర పడవ పొడవును అడుగుల్లో కొలిచి, దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చవేస్తే వచ్చేది ఆ హద్దు, నాట్లలో. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు. 20 అడుగులకు 6 నాట్లు, 25 అడుగులకు 6.7, 28 అడుగులకు 7.1. పడవ లేపిన అల పొడవు పడవంత అయ్యాక, అది తన అలను తానే ఎక్కలేక అక్కడ ఆగిపోతుంది. గాలి ఎంత పెరిగినా బరువు పడవ అక్కడే. తేలిక పడవ మాత్రం 12 నాట్లు దాటిన గాలిలో ముక్కు ఎత్తి నీటి మీద జారడం మొదలుపెడుతుంది. జారడం మొదలైందంటే దానికి ఆ హద్దు వర్తించదు. మీ స్నేహితుడు గాలి లేచిన రోజు చేస్తున్నది అదే. గాలి బొత్తిగా లేనప్పుడు బరువు తక్కువ, నీళ్లలో తడిసే అడుగు తక్కువ ఉన్న పడవ గెలుస్తుంది. అప్పుడూ వాడే. మీ పడవకు పండగ మధ్యరకం గాలిలో, కొంచెం అలలున్న నీటిలో. తేలిక పడవ ప్రతి అలకూ తల కొట్టుకుని ఆగుతుంటే మీది బరువు మీద దూసుకుపోతుంది.

రెండో కారణం లెక్క వేసే తీరులో ఉంది. వెసులుబాటును కొన్నిచోట్ల దూరాన్ని బట్టి ఇస్తారు, కొన్నిచోట్ల సమయాన్ని బట్టి. మీ క్లబ్బులో ఏదో కనుక్కోండి. అమెరికాలో ఎక్కువగా వాడే పీహెచ్‌ఆర్‌ఎఫ్ పద్ధతిలో రేటింగు అంటే నాటికల్ మైలుకు ఇన్ని సెకన్లు. ఒక పెద్ద పడవకు 90, నిదానమైన చిన్నదానికి 150 అనుకుందాం. తేడా మైలుకు 60 సెకన్లు. 6 మైళ్ల పందేనికి నిదానం పడవకు 6 నిమిషాలు వదులుతారు. మధ్యరకం గాలిలో పెద్దది 60 నిమిషాల్లో, చిన్నది 66 నిమిషాల్లో వస్తే సరికి సరి. గాలి పలచబడి పెద్దదానికి 120 నిమిషాలు పట్టిన రోజు చిన్నదానికి అదే నిష్పత్తిలో 132 పడతాయి, వెసులుబాటు మాత్రం అదే 6. చిన్నది 6 నిమిషాలతో ఓడింది. గాలి జోరుగా ఉండి పెద్దది 45 నిమిషాల్లో, చిన్నది 49 నిమిషాల 30 సెకన్లలో వస్తే చిన్నది నిమిషంన్నరతో గెలిచింది. పడవలూ మారలేదు, మనుషులూ మారలేదు.

సమయాన్ని బట్టి ఇస్తే ఈ మూడు రోజులూ సమానమవుతాయి. దానికీ ఒక బొక్క ఉంది. మధ్యలో అరగంట గాలి పూర్తిగా ఆగి అందరూ ఉన్నచోటే నిలబడ్డారనుకోండి. పెద్దది 90 నిమిషాలకు, చిన్నది 96కు వచ్చాయి. 96ను 1.1తో (66ను 60తో భాగిస్తే వచ్చే నిష్పత్తితో) భాగిస్తే 87 నిమిషాల 16 సెకన్లు. ఊరికే కూర్చున్న అరగంటకు కూడా చిన్నదానికి కూలి ముట్టి, 2 నిమిషాల 44 సెకన్లతో గెలిచేసింది.

మన తీరంలో ఇంకో సంగతి ఉంది. ఎండాకాలం పొద్దున పలచటి గాలి, మధ్యాహ్నానికి సముద్రం మీంచి గాలి అందుకుంటుంది. 10 గంటలకు పందెం మొదలుపెడితే ముందున్న పడవలు పలచగాలిలో ఈడ్చుకుంటూ పోయి దాదాపు పూర్తి చేసేస్తాయి. వెనకున్న నిదానం పడవలకు సగం దూరం కొత్త గాలి దొరుకుతుంది. ఆ రోజు రేటింగు ఏదైనా వెనకవాళ్లదే రాజ్యం. సాయంత్రం గాలి పడిపోతున్నప్పుడు పెడితే తిరగబడుతుంది, ముందు ఒడ్డు చేరినవాడు బతికిపోతాడు. కాబట్టి సముద్రపు గాలి కుదురుకుని అరగంటయ్యాక మొదలుపెట్టి, గంటన్నర లోపు ముగిసేలా దారి వేయమని మీ నిర్వాహకుల్ని అడగండి. సంఖ్యలు మార్చమని పోరడం కన్నా ఇది ఎక్కువ పని చేస్తుంది.

పెద్ద పడవలకు వాడే ఓఆర్‌సీ పద్ధతిలో ఈ బాధకే మందు వేశారు. తక్కువ, మధ్య, ఎక్కువ గాలులకు మూడు వేర్వేరు సంఖ్యలిచ్చే ఏర్పాటు అందులో ఉంది. ఆ రోజు గాలిని బట్టి పందెం కమిటీ ఒకటి ఎంచుకుంటుంది. మీ ఇద్దరి పందేనికి అంత హంగామా అక్కర్లేదు. గాలి 12 నాట్లు దాటిన రోజులకు ఒక సంఖ్య, మిగిలిన రోజులకు ఒక సంఖ్య పెట్టుకుని, ఏ రోజుకు ఏదో పడవలు నీళ్లలో దిగకముందే చెప్పుకోండి.

ప్రశ్న: వేట నిషేధం రోజుల్లో మా ఊళ్లో తెరచాపల పందెం పెట్టాలని ఉంది. పాత చెక్క నావలు నాలుగు, ఫైబరు బోట్లు ఆరు ఉన్నాయి. 20 అడుగుల నుంచి 28 అడుగుల దాకా కొలతలు. దేనికీ ఏ పుస్తకంలోనూ సంఖ్య లేదు. మేమే వేసుకోవచ్చా? గొడవలు లేకుండా ఎలా?
– కొత్తపట్నం యువకులు

జవాబు: వేసుకోవచ్చు. పుస్తకంలో ఉన్న సంఖ్యలూ ఎవరో ఒకరు పందేల ఫలితాలు పోగేసి తేల్చినవే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మోటారు బోట్లు గట్టు మీదే ఉంటాయి కాబట్టి, రెండింటిని కాపలా బోట్లుగా పెట్టుకునే వీలు కూడా ఉంది. మత్స్యశాఖ వాళ్లకూ మెరైన్ పోలీసులకూ ముందే కాగితం ఇచ్చి అనుమతి తీసుకోండి. మనిషికో లైఫ్ జాకెట్ లేకుండా ఒక్కరినీ ఎక్కనివ్వకండి. ఈత వచ్చు కదా అని ఊరుకోవద్దు. తెరచాప అడుగు కొయ్య తిరిగి తలకు తగిలినవాడికి ఈత వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

ముందు కొలతలు. ప్రతి పడవనూ మనుషులతో సహా నీళ్లలో నిలిపి, నీటిగీత దగ్గర ముందు నుంచి వెనక్కి పొడవు కొలవండి. పైన కొలిస్తే లాభం లేదు, ముక్కు ముందుకు సాగి ఉన్న నావకు లేని వేగం కట్టినట్టవుతుంది. తెరచాపను ఇసుక మీద పరిచి, అడుగు అంచు పొడవు, దానికి నిలువుగా ఎత్తు కొలిచి, హెచ్చవేసి సగం చేయండి. 4.6 మీటర్ల ఎత్తు, 2.4 మీటర్ల అడుగు అయితే 5.52 చదరపు మీటర్లు. ఈ కొలతలు పందెం రోజు దాకా మారకూడదని అందరిచేతా సంతకాలు పెట్టించండి. గొడవల్లో సగం ఇక్కడే తీరిపోతాయి. లేకపోతే పందెం ముందురాత్రి టార్పాలిన్ ముక్క ఒకటి అతుకుపడుతుంది.

తర్వాత తొలి అంచనా. 28 అడుగుల పడవల్లో అందరికీ తెలిసిన, బాగా నడిచేదాన్ని ఒకదాన్ని తీసుకుని దానికి 1000 ఇవ్వండి. ఇదే మీ గీటురాయి. మిగిలినవాటికి పొడవుల నిష్పత్తి వర్గమూలంతో మొదలుపెట్టండి. 20 అడుగులదానికి 28ని 20తో భాగిస్తే 1.4, దాని వర్గమూలం 1.183, అంటే 1183. ఇది తాత్కాలికమే. తెరచాప, బరువు, అడుగుభాగం ఆకారం దీన్లో లేవు.

ఇప్పుడు పరీక్ష పందేలు, కనీసం ఐదు. ప్రతిసారీ గీటురాయి పడవ తప్పకుండా ఉండాలి. పడవ సమయాన్ని గీటురాయి సమయంతో భాగించి 1000తో హెచ్చవేయండి. గీటురాయికి 2400 సెకన్లు, మీ నావకు 2760 పడితే ఆ రోజుకు మీ సంఖ్య 1150. ఐదు రోజులకు 1150, 1120, 1180, 1140, 1310 వచ్చాయనుకోండి. సగటు తీస్తే 1180. అది తీసుకోవద్దు. ఆ 1310 చుక్కానికి వల ముక్క చుట్టుకున్న రోజుది కావచ్చు, కావాలని నిదానంగా నడిపిన రోజుది కూడా కావచ్చు. వరసగా పేర్చి మధ్యలోది తీసుకోండి. 1120, 1140, 1150, 1180, 1310లో మధ్యది 1150. ఎవడైనా ఒక రోజు నాటకం ఆడినా మధ్యసంఖ్య పెద్దగా కదలదు.

ఇందులో అసలు చిక్కు నడిపేవాడు. 1150 అన్నది నావదా, నావికుడిదా తెలియదు. అందుకని బాగా నడిపేవాళ్లు ముగ్గుర్ని ఎంచి, ఐదు రోజులూ పడవలు మార్చి ఎక్కించండి. గీటురాయి పడవ మీద కూడా ఒక్కడే ఉండిపోకూడదు. ఎవరి పడవ వాళ్లే నడుపుతామంటే సంఖ్యలు మనుషులకే పడతాయి, ఆ తర్వాత నెలంతా తగవులే.

పందెం తర్వాత సంఖ్యల్ని ఒక్కసారిగా మార్చకండి. 1150 ఉన్న పడవ వరసగా 1180 చూపిస్తే తేడాలో పావు వంతు మాత్రమే కలిపి 1157 లేదా 1158 చేయండి. పూర్తిగా మారిస్తే ప్రతి వారం అందరూ గెలుస్తారు, అందరూ ఓడతారు, ఎవరికీ ఏమీ తెలియదు.

సమయం రాసేవాళ్లు ఇద్దరుండాలి. ఒకడు తెరచాప నంబరు అరవాలి, ఒకడు గడియారం చూసి రాయాలి. పక్కన ఫోన్‌లో రికార్డు పెట్టి వదిలేయండి. మూడు పడవలు ఒకేసారి వచ్చినప్పుడు కాగితం తప్పుతుంది, ఫోను తప్పదు. ముగింపు గీత అంటే కాపలా బోటు కొయ్యకూ బోయాకూ (నీటి మీద లంగరేసి తేల్చిన గుర్తుకూ) మధ్య చూపు. ఆ బోటు లంగరు జారితే గీతే కదిలిపోతుంది కాబట్టి లంగరుకు తాడు ధారాళంగా వదలండి, లోతుకు ఐదు రెట్లయినా.

ప్రశ్న: ఎప్పుడూ ఒకరే గెలుస్తున్నారు. ఆయనకు రేటింగు తగ్గించి మిగతావాళ్లకు అవకాశం ఇవ్వకూడదా?
– సింగరాయకొండ పాఠకురాలు

జవాబు: అమ్మా, అలా చేస్తే అది పడవ రేటింగు కాదు, మనిషి మీద పన్ను. పడవ సంఖ్య పని పడవలో తేడా తీసేయడం వరకే. నేర్పులో తేడా మిగలాలి, పందెం పెట్టేదే అది చూడటానికి.

అయితే కొత్తవాళ్లు ఏడాదంతా చివర్నే ఉంటే రావడం మానేస్తారన్న మాట నిజం. అందుకని కొన్ని క్లబ్బుల్లో రెండు ఫలితాలు ప్రకటిస్తారు. ఒకటి పడవ సంఖ్యతో, రెండోది ప్రతి పందెం తర్వాత మారుతూ పోయే సొంత సంఖ్యతో. గెలిచినవాడి సొంత సంఖ్య బిగుస్తుంది, వెనకపడ్డవాడిది సడలుతుంది. రెంటినీ ఒకే కప్పుకు కలపకూడదు. కలిపారంటే కప్పుకు ముందు నాలుగు పందేలు కావాలని వెనకబడి, ఐదోదాంట్లో విజృంభించే మహానుభావులు తయారవుతారు. వాళ్లను ఆపడానికి చిన్న ఉపాయం ఉంది. బాగా నడిపిన పందేల్నే సవరణకు లెక్కించండి, నీరసంగా నడిపినవాటిని వదిలేయండి.

ఒక్క పందెంతో ఎవర్నీ తేల్చకండి కూడా. ఆరు పందేలు పెట్టి, మొదటి స్థానానికి 1, రెండోదానికి 2 చొప్పున మార్కులేసి, ప్రతివాళ్లదీ అన్నిటికన్నా చెడ్డది ఒకటి తీసేసి కూడితే, గాలి చేసిన అన్యాయాలు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పూర్తి చేయనివాళ్లకు పేర్లిచ్చిన పడవల సంఖ్యకు ఒకటి కలిపి మార్కులేస్తారు.

ప్రశ్న: ఐఆర్‌సీ అనే రేటింగులో సూత్రం ఏమిటో బయటపెట్టరట. చూపించని తూకంతో తూస్తే ఎవరు నమ్ముతారు?
– కందుకూరు పాఠకుడు

జవాబు: చూపించిన తూకాలతో ఏమైందో చూశాకే దాచడం మొదలైంది. 1970, 80లలో ఐఓఆర్ అనే పద్ధతి సూత్రమంతా అచ్చువేసి ఇచ్చేది. పడవను ఫలానా బిందువుల దగ్గర కొలుస్తారని తెలిసిపోయాక, రూపకర్తలు సరిగ్గా ఆ బిందువుల దగ్గరే బుడిపెలు పెట్టి, వెనక భాగం సన్నగా నొక్కి కట్టడం మొదలుపెట్టారు. కొలతకు నిదానం పడవ, నీటిలో వేగం పడవ. అవి గాలివాలుకు పోతున్నప్పుడు పక్కలకు ఊగి అదుపు తప్పేవి. కోడె పళ్లు చూసి విభాగం తేల్చేచోట పళ్ల మీదే అందరి తెలివీ పనిచేస్తుందా లేదా? అదే.

ఐఆర్‌సీ సూత్రాన్ని లండన్‌లోని ఆర్‌ఓఆర్‌సీ అనే పడవల క్లబ్బు, ఫ్రెంచివాళ్లు కలిసి గుట్టుగా ఉంచుతారు. కొలతలిస్తే ఒక గుణకం ఇస్తారు, పట్టిన సమయాన్ని దాంతో హెచ్చవేస్తే సరి. ఓఆర్‌సీ అందుకు భిన్నం, సూత్రాలన్నీ బయటే ఉంటాయి. రెండూ నడుస్తున్నాయి. మాకైతే ఊరి పందేనికి గుట్టు పనికిరాదనిపిస్తుంది. నలుగురూ లెక్క సరిచూసుకోగలిగితేనే నమ్ముతారు. లక్షలు పోసి పడవ కట్టించే చోట మాత్రం గుట్టుకు అర్థముంది.

ఆస్ట్రేలియాలో జరిగే సిడ్నీ–హోబర్ట్ సముద్ర పందెంలో ముందొచ్చిన పడవకూ రేటింగులో గెలిచిన పడవకూ వేర్వేరు గౌరవాలు. 1945లో జరిగిన మొదటి పందెంలో ఒకే పడవ రెండూ కొట్టేసింది. దాని పేరు 'రాణి'.

ప్రశ్న: నా పడవ ఏడాదిగా ఉప్పుటేరులోనే కట్టి ఉంది. అడుగున గుల్ల పట్టి నిదానించింది. రేటింగులో ఏమైనా వెసులుబాటు అడగొచ్చా?
– మైపాడు పాఠకుడు

జవాబు: ఇవ్వరు. రేటింగు అడుగు శుభ్రంగా ఉన్న, తెరచాప సాగిపోని పడవను ఊహించుకుని వేస్తారు. గట్టుకు లాగి, రేకు గీకుడుతో గుల్ల తీసి, మంచినీళ్లతో కడిగి, నీటి గరుకు కాగితం 400 నంబరుది తడిపి రుద్దండి. ఫైబరు మీద రేకు నిలువుగా పట్టకండి, పైపొర లేచిపోతుంది. చుక్కాని అంచులు, కిందికి దించే పలక దూరే సందు మరవద్దు. అడుగంతా నున్నగా చేసి ఆ సందులో గుల్ల వదిలేసేవాళ్లే ఎక్కువ. పందేలు లేని రోజుల్లో చిన్న పడవను నీళ్లలో వదలకుండా గట్టు మీదే ఉంచితే ఈ బాధే లేదు.

ప్రశ్న: ఈ లెక్కలన్నీ మా ఊరి జనానికి ఎక్కవు. గట్టు మీద నిలబడ్డవాడికి ఎవరు గెలిచారో కంటికి కనపడాలి. దారేదైనా ఉందా?
– ఉలవపాడు పాఠకుడు

జవాబు: ఉంది. వెసులుబాటును చివర ఇవ్వకుండా మొదట్లోనే ఇచ్చేయండి. నిదానం పడవ ముందు బయల్దేరుతుంది, వేగం పడవ చివర్న బయల్దేరి తరుముకొస్తుంది. నిర్ణయించిన సమయానికి బూర ఊదినప్పుడు ఎవరు ముందుంటే వాళ్లే విజేత. అన్నిటికన్నా నిదానమైన ఆప్టిమిస్ట్‌కు 90 నిమిషాలు ఇచ్చారనుకోండి. మిగతావి ఎంత ఆలస్యంగా బయల్దేరాలో తేల్చడానికి, పడవ సంఖ్యను 1640తో భాగించి, ఒకటిలోంచి తీసేసి, 90తో హెచ్చవేయండి. 1150 సంఖ్య ఉన్న లేజర్‌కు 26 నిమిషాల 53 సెకన్లు, 420కి 29 నిమిషాల 5 సెకన్లు, 1100 ఉన్నదానికి 29 నిమిషాల 38 సెకన్లు. అరనిమిషానికి సరిచేసి 27, 29, 29.30 అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి గట్టు మీద పెట్టండి. ఈ 29.30 అంటే 29 నిమిషాల 30 సెకన్లని పక్కనే రాయండి, లేకపోతే పైన చెప్పిన గొడవే ఇక్కడా వస్తుంది.

దీంట్లో రెండు ఇబ్బందులున్నాయి. చివరి ఐదు నిమిషాల్లో చాలా పడవలు ఒకే బోయా దగ్గర గుమిగూడతాయి, గుద్దుకోవడాలు అక్కడే. అందుకని బోయాల మధ్య దూరం ఎక్కువ పెట్టి, ఆ మలుపు దగ్గర కాపలా బోటును ఉంచండి. రెండోది, బూర ఊదే క్షణానికి పడవలు దారంతా పరుచుకుని ఉంటాయి. ఎవరు ఎవరికి ముందున్నారో ఒక్కచోట నుంచి కనపడదు. ముందున్న పడవతోపాటు ఒక మోటారు బోటు నడిపించి, బూర ఊదగానే అది వెనక్కి తిరిగి వరసగా నంబర్లు రాసుకుంటూ రావాలి. ఆ బోటు గాలి వీచే వైపు నుంచి మాత్రం పోకూడదు. దాని అల, దాని మాటు తగిలి చిన్న పడవ ఆగిందంటే రాసుకున్న వరసకు విలువుండదు.